ఎడమ కాలికి తెలిసిన శాస్త్రం

ఎదురుగా ఫ్లైఓవర్ ఎక్కుడు. ముందు ఆర్టీసీ బస్సు, వెనక ఆనుకుని ఆటో. సిగ్నల్ పడగానే, కొత్తగా కారు నేర్చుకున్న మనిషి క్లచ్ మీంచి ఎడమ కాలు తీస్తాడు. కారు ఒక్క గెంతు గెంతి, గడగడా వణికి, ఆగిపోతుంది. డాష్‌బోర్డు మీద ఎర్ర లైట్లు వెలుగుతాయి, వెనక నుంచి హారన్లు మొదలవుతాయి.

ఇదే కారు విజయవాడ హైవే మీద అయిదుగురిని, వాళ్ల సామాన్లను వేసుకుని గంటకు వంద కిలోమీటర్ల వేగంతో అలుపు లేకుండా పోతుంది. అంత సత్తా ఉన్న ఇంజన్ ఇక్కడ పది అడుగుల వాలు ఎక్కలేక ఎందుకు చతికిలబడింది? పక్క సీట్లో అనుభవమున్న డ్రైవర్ ఉంటే అదే కారును, అదే చోట, అంగుళం కూడా వెనక్కి జారకుండా ఎలా ఎక్కించగలిగేవాడు? తేడా ఇంజన్‌లో లేదు. క్లచ్ పెడల్ ప్రయాణంలో మధ్యన ఎక్కడో ఉండే వేలెడు దూరంలో ఉంది.

సున్నా నుంచి లేవలేని యంత్రం

విద్యుత్ మోటారుకు కరెంటు అందిన క్షణంలోనే, ఇంకా కదలకముందే, గట్టిగా తిప్పే బలం ఉంటుంది. ఆవిరి రైలింజన్‌కూ అంతే. నిలబడి ఉన్నప్పుడే ఆవిరి పిస్టన్‌ను పూర్తి ఒత్తిడితో తోస్తుంది. పెట్రోలు, డీజిల్ ఇంజన్లకు ఈ శక్తి లేదు. అవి తిరుగుతూ ఉంటేనే బలం పుట్టించగలవు. ఆగితే వాటి బలం సున్నా.

కారణం అవి పనిచేసే తీరులోనే ఉంది. గాలిని లోపలికి పీల్చడం, నొక్కడం, మండించడం, పొగను బయటికి తోయడం: సిలిండర్‌లో జరిగేవి ఈ నాలుగు పనులు. వీటిలో బలాన్నిచ్చేది మండే ఘట్టం ఒక్కటే. మిగిలిన మూడూ బలాన్ని తీసుకునేవే. ఆ మూడు ఘట్టాలూ గట్టెక్కడానికి కావలసిన ఊపును ఇంజన్ చివర బిగించిన బరువైన ఇనుప చక్రం, ఫ్లైవీల్, నిలిపి ఉంచుతుంది. నాలుగు సిలిండర్ల కారు కదలకుండా నిలబడి నిమిషానికి 800 చుట్లు తిరుగుతున్నప్పుడు సెకనుకు దాదాపు 27 సార్లు ఇంధనం మండుతుంది. ఒకే సిలిండర్ ఉన్న బైకు 1,400 చుట్ల దగ్గర ఉంటే సెకనుకు పన్నెండు సార్లకు మించదు. వేగం ఇంకా తగ్గితే రెండు పేలుళ్ల మధ్య ఎడం పెరుగుతుంది, ఫ్లైవీల్ ఊపు తర్వాతి నొక్కుడుకు చాలదు. పిస్టన్ సగంలో ఆగిపోతుంది. 'బండి ఆఫ్ అయింది' అనుకునేది అప్పుడే.

ఫ్లైఓవర్ మొదట్లో జరిగింది ఇదే. ఇంజన్ 800 చుట్లు తిరుగుతోంది, చక్రాలు కదలడం లేదు. కాలు ఒక్కసారిగా తీస్తే రెండూ బిగుసుకుని ఒక్కటవుతాయి. అలా ఒక్కటవ్వాలంటే టన్ను బరువున్న కారు రెప్పపాటులో వేగం అందుకోవాలి, లేదా ఇంజన్ ఆగాలి. టన్ను బరువే గెలుస్తుంది.

[ రైలింజన్‌కు క్లచ్ ఎందుకు లేదు?
భారతీయ రైల్వేల్లోకి 1962లో వచ్చిన డబ్ల్యూడీఎం-2 డీజిల్ ఇంజన్ శక్తి 2,600 హార్స్ పవర్. వేల టన్నుల గూడ్సు బండిని కదిలించేంత సేపు రాపిడిని తట్టుకునే క్లచ్ ప్లేటును చేయడం సాధ్యమయ్యే పని కాదు. అందుకే అందులో డీజిల్ ఇంజన్ చక్రాలను నేరుగా తిప్పదు. జనరేటర్‌ను తిప్పి కరెంటు పుట్టిస్తుంది. చక్రాలను తిప్పేవి ఇరుసుల దగ్గర ఉండే విద్యుత్ మోటార్లు. ]

హాఫ్ క్లచ్ దగ్గర

కదులుతున్న సిటీ బస్సు ఎక్కేవాళ్లను గమనిస్తే క్లచ్ పని సగం అర్థమవుతుంది. నిలబడ్డ చోటి నుంచే కడ్డీ పట్టుకుంటే భుజం ఊడుతుంది. అలవాటున్న మనిషి ముందు బస్సు పక్కన పరుగెత్తి, వేగం కలిశాకే ఫుట్‌బోర్డు మీద కాలు పెడతాడు. తిరుగుతున్న ఇంజన్‌కు, ఆగి ఉన్న చక్రాలకు మధ్య అలాంటి పరుగును ఏర్పాటు చేసేదే క్లచ్.

దాని నిర్మాణం పెద్ద చిక్కైనదేమీ కాదు. ఇంజన్‌తో పాటు తిరిగే ఫ్లైవీల్, దాని ఎదురుగా ప్రెషర్ ప్లేటు, ఈ రెండింటి మధ్య అన్నం పళ్లెం అంత క్లచ్ ప్లేటు. క్లచ్ ప్లేటుకు రెండు వైపులా రాపిడి పూత ఉంటుంది, దాని నడుమ నుంచి వెళ్లే కడ్డీ గేర్ బాక్సులోకి పోతుంది. వెడల్పాటి స్ప్రింగు ఒకటి ప్రెషర్ ప్లేటును ఎప్పుడూ నొక్కి పెడుతుంది కాబట్టి మూడూ కలిసి తిరుగుతాయి. పెడల్ తొక్కితే ఒక బేరింగు వచ్చి ఆ స్ప్రింగు నడుమను నొక్కుతుంది, అంచులు వెనక్కి వస్తాయి, నడిమి ప్లేటు వదులవుతుంది. ఇంజన్ దారి ఇంజన్‌ది, చక్రాల దారి చక్రాలది.

అసలు విద్య పెడల్‌ను వదలడంలో ఉంది. పెడల్ పైకి వస్తూ ఉండగా ఒకచోట ప్లేటు ఫ్లైవీల్‌ను తాకుతుంది. ఇంకా బిగియదు, జారుతూ ఉంటుంది. హాఫ్ క్లచ్ అనేది దీన్నే. ఆ జారుడులోనే ఇంజన్ బలం కొద్దికొద్దిగా చక్రాలకు అందుతుంది. డ్రైవింగ్ స్కూల్లో "నిదానంగా వదలండి మేడమ్, అక్కడే ఆపండి" అని గురువు అరిచేది ఈ చోటు కోసమే. అది వచ్చిందని చెప్పే గుర్తులు మూడు: ఇంజన్ చప్పుడు ఒక మెట్టు దిగి బరువెక్కుతుంది, సీటు కింద సన్నని వణుకు మొదలవుతుంది, బానెట్ ముక్కు కొంచెం పైకి లేస్తుంది. వాలు మీద హ్యాండ్ బ్రేకు దించాల్సింది సరిగ్గా అప్పుడు. దానికి ముందే దించితే బండి వెనక్కి జారుతుంది.

ఈ జారుడు ఊరికే రాదు. ఇంజన్ ఒకే వేగంతో, ఒకే బలంతో తిరుగుతూ కారును సున్నా నుంచి తన వేగానికి లాక్కొచ్చిందనుకుంటే, ఆ కొద్దిసేపట్లో అది ఇచ్చిన శక్తిలో సగం కారును కదిలిస్తుంది, మిగతా సగం ప్లేటు దగ్గర వేడిగా పోతుంది. డ్రైవర్ ఎంత నేర్పరి అయినా ఆ సగం తప్పదు. వాలు మీద బ్రేకు వేయకుండా హాఫ్ క్లచ్‌తోనే కారును నిలబెట్టి సిగ్నల్ కోసం ఎదురుచూడటం ఇంకా నష్టం. కారు కదలడం లేదు కాబట్టి క్లచ్‌కు చేరిన శక్తి మొత్తం, ఒక్క చుక్క మిగలకుండా, వేడే అవుతుంది. ట్రాఫిక్‌లో కొన్ని కార్ల దగ్గర ముక్కుకు తగిలే ఆ కమురు వాసన ప్లేటు పూత కాలుతున్న వాసన. కొందరి చేతిలో క్లచ్ ప్లేటు లక్ష కిలోమీటర్లు దాటి వస్తుంది, మరికొందరి చేతిలో అందులో పావు దూరానికే మెకానిక్ గేర్ బాక్సు దించాల్సి వస్తుంది. రెండు చోట్లా ప్లేటు ఒకటే, కాళ్లే వేరు.

మూడు వేల చుట్లు, రెండు వేగాలు

క్లచ్ వేగాలను కలుపుతుందే కానీ బలాన్ని పెంచలేదు. పెంచేది గేర్ బాక్సు. చిన్న కార్లలో మొదటి గేరులో ఇంజన్ దాదాపు 14 చుట్లు తిరిగితే చక్రం ఒక చుట్టు తిరుగుతుంది. అయిదో గేరులో మూడు చుట్ల పైచిలుకు చాలు. అంటే ఇంజన్ అదే 3,000 చుట్ల దగ్గర ఉన్నా మొదటి గేరులో కారు గంటకు 20 కిలోమీటర్ల పైచిలుకు, అయిదో గేరులో 90 దాటి పోతుంది. మొదటి గేరులో పోగొట్టుకున్న వేగమంతా చక్రం దగ్గర బలంగా తిరిగొస్తుంది. ఎక్కుడులో గేరు తగ్గించకపోతే 'బండి లాగట్లేదు' అనిపించేది ఇందుకే.

గేరు మార్చడమంటే వేర్వేరు వేగాలతో తిరుగుతున్న ఇనుప పళ్లను ఒకదానితో ఒకటి కలపడం. 1890లలో ఫ్రాన్సులో పనార్-లెవాసోర్ కార్లలో ఎమిల్ లెవాసోర్ పెట్టిన గేర్ బాక్సు ఈ పనిని మొరటుగా చేసేది. చక్రాలు జరిగి వచ్చి పళ్లతో పళ్లు ఢీకొనేవి. దాదాపు నలభై ఏళ్ల పాటు డ్రైవర్లు ఆ బాధ పడ్డారు. పాత లారీలు నడిపినవాళ్లకు 'డబుల్ క్లచ్' బాగా తెలుసు. గేరు తగ్గించాలంటే క్లచ్ తొక్కి న్యూట్రల్‌లోకి తేవాలి, క్లచ్ వదిలి యాక్సిలరేటర్ కాస్త తొక్కి లోపలి కడ్డీ వేగం పెంచాలి, మళ్లీ క్లచ్ తొక్కి గేరు వేయాలి. పరుగెత్తి వేగం కలిపాకే ఫుట్‌బోర్డు మీద కాలు పెట్టడమన్న మాట. చెవి పక్కాగా ఉంటే గేరు వెన్నలా పడేది, లేకుంటే గరగరమని ఊరంతా వినిపించేది.

ఈ పరుగును డ్రైవర్ చేతిలోంచి తీసుకుని గేర్ బాక్సుకే అప్పగించింది 1928లో క్యాడిలాక్ కార్లలో వచ్చిన సింక్రోమెష్. దాన్ని రూపొందించినవాడు ఎర్ల్ థాంప్సన్. పళ్లు కలవకముందే ఇత్తడి ఉంగరం ఒకటి ఏటవాలు అంచుతో గేరును రాసుకుని రెండింటి వేగాన్నీ సమం చేస్తుంది, సమం అయ్యేదాకా పళ్లను కలవనివ్వదు. ఇవాళ కారు గేరు కడ్డీని తోసినప్పుడు చేతికి ఒక క్షణం మెత్తని అడ్డు తగిలి, తర్వాత లోపలికి జారినట్టనిపిస్తుంది కదా, ఆ క్షణమే ఉంగరం పని చేస్తున్న సమయం. గేరును మొరటుగా కొట్టేవాళ్లు దానికి ఆ వ్యవధి ఇవ్వరు.

[ రివర్స్‌లో కూత ఎందుకు?
ముందుకు పోయే గేర్ల పళ్లు ఏటవాలుగా కోసి ఉంటాయి. ఒక పన్ను పూర్తిగా వదలకముందే పక్కది ఆనుకుంటుంది కాబట్టి చప్పుడు తక్కువ. చాలా కార్లలో రివర్స్ గేరు పళ్లు నిలువుగా ఉంటాయి. ఒక్కో పన్ను దాని వెడల్పంతా ఒకేసారి తాకుతుంది, ఆ వరుస తాకిళ్లే 'ఊఁ' మనే కూత అవుతాయి. ఈ గేరుకు చాలా కార్లలో సింక్రో ఉంగరం కూడా ఉండదు. కారు పూర్తిగా ఆగకుండా రివర్స్ వేస్తే కరకరమనేది అందుకే. ]

బైకు వేరే బాణీ

మోటార్‌సైకిల్‌లో క్లచ్ ఎడమ చేతికి, గేరు ఎడమ కాలికి మారాయి. లోపల కూడా తేడాలున్నాయి. కారులో పొడిగా ఉండే ఒక్క పెద్ద ప్లేటుకు బదులు, చాలా బైకుల్లో చిన్న చిన్న ప్లేట్లు వరుసగా పేర్చి ఇంజన్ ఆయిల్లోనే మునిగి ఉంటాయి. ఆయిలు వేడిని లాగేస్తుంది కాబట్టి బైకు హాఫ్ క్లచ్‌ను కారు కంటే ఎక్కువ ఓర్చుకుంటుంది. ప్లేట్లు ఆయిల్లో మునిగి ఉండటం వల్లే కారు ఆయిలు బైకుకు పనికిరాదు. కార్ల ఆయిళ్లలో చాలావాటికి రాపిడి తగ్గించే మందులు కలుపుతారు. అవి చేరితే క్లచ్ ప్లేట్లు జారతాయి. క్లచ్ ఆయిల్లో మునిగి ఉండే బైకుల కోసం డబ్బా మీద 'జాసో ఎంఏ' అనో 'ఎంఏ2' అనో గుర్తు ఉంటుంది. కొనేముందు దాన్ని చూసుకోవాలి.

బైకు గేర్లు వరుస తప్పవు. లోపల గాళ్లు తవ్విన ఒక డోలు ఉంటుంది. కాలితో లివర్ నొక్కిన ప్రతిసారీ అది ఒక మెట్టు తిరుగుతుంది, గాళ్లలో ఇరుక్కున్న ఫోర్కులు పక్కకు జరిగి గేరును మారుస్తాయి. అయిదు నుంచి ఒక్కసారిగా రెండుకు దూకడం కుదరదు. చాలా బైకుల్లో న్యూట్రల్ మొదటి, రెండో గేర్ల మధ్య అర మెట్టులో దాక్కుని ఉంటుంది. సిగ్నల్ దగ్గర ఎర్ర లైటు కింద కాలితో పైకీ కిందికీ తడుముకుంటూ ఆకుపచ్చ 'ఎన్' కోసం వెతకని బైకు మనిషి ఉండడు. బండి ఆగాక అది దొరకడం కష్టం. ఆయిల్లో ఉన్న ప్లేట్లు క్లచ్ నొక్కినా పూర్తిగా విడిపోక కడ్డీని కాస్త లాగుతూనే ఉంటాయి, ఆ ఒత్తిడికి లోపలి పళ్లు పట్టు వదలవు. బండి ఇంకా రెండు మూడు అడుగులు దొర్లుతుండగానే న్యూట్రల్ వేసుకునే పాత డ్రైవర్ల అలవాటు ఈ చిక్కును ముందే తప్పిస్తుంది. ఆగాక అయితే బండిని కొంచెం ముందుకూ వెనక్కూ ఊపితే పట్టు వదులుతుంది. ఆగి ఉన్న బండికి మొదటి గేరు వేయగానే 'టక్' మనే శబ్దం కూడా ఆ లాగుడు వల్లే. అది జబ్బేమీ కాదు.

కొండ దిగుతున్నప్పుడు

గేరు విలువ కొండ ఎక్కేటప్పుడు అందరికీ తెలుస్తుంది. దిగేటప్పుడు కూడా తెలిసి ఉండాలి, ఎందుకంటే తెలియకపోతే ప్రాణాలు పోతాయి.

తిరుపతి నుంచి తిరుమల ఎత్తు సుమారు 700 మీటర్లు. 1944లో వేసిన మొదటి ఘాట్ రోడ్డును ఇప్పుడు దిగడానికి, 1974 నాటి రెండోదాన్ని ఎక్కడానికి వాడుతున్నారు. మనుషులతో కలిపి ఒకటిన్నర టన్నుల బరువున్న కారు ఆ కొండ దిగితే ముప్పై లీటర్ల చల్లని నీళ్లను మరిగించేంత శక్తిని వదిలించుకోవాలి. గాలి, టైర్లు కొంత తీసుకుంటాయి. మిగిలినదంతా బ్రేకుల మీద పడితే డిస్కులు కాగిపోతాయి. బ్రేకు ఆయిలు గాల్లో తేమను పీల్చుకునే స్వభావం కలది. డాట్ 4 రకం ఆయిలు కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదు, తేమ చేరాక ఆ హద్దు 155కు పడిపోతుంది. మరిగితే గొట్టంలో బుడగలు పుడతాయి. ద్రవం నలగదు, బుడగ నలుగుతుంది. తొక్కిన పెడల్ మెత్తగా నేల దాకా పోతుంది, బండి ఆగదు.

రెండో గేరులో, క్లచ్ వదిలి, యాక్సిలరేటర్ మీంచి కాలు తీసేస్తే కథ మారుతుంది. ఇప్పుడు చక్రాలే ఇంజన్‌ను తిప్పుతాయి. పెట్రోలు ఇంజన్‌లో గాలి దారి మూసుకుపోయి ఉంటుంది కాబట్టి పిస్టన్లు శూన్యానికి ఎదురులాగాలి. ఆ శ్రమే బండిని పట్టి ఉంచుతుంది. ఏ గేరులో ఎక్కగలరో ఆ గేరులోనే దిగాలనే ఘాట్ డ్రైవర్ల సూత్రం వెనక ఉన్న లెక్క ఇదే. లంబసింగి దారికైనా శ్రీశైలం దారికైనా ఇది వర్తిస్తుంది.

న్యూట్రల్‌లో దిగితే పెట్రోలు మిగులుతుందనే నమ్మకం మాత్రం ఇంకా పోలేదు. కార్బురేటర్ల కాలంలో దానికి కొంత ఆధారం ఉండేది. ఇంధనాన్ని ఇంజెక్టర్ చిమ్మే నేటి ఇంజన్లు గేరులో ఉండి యాక్సిలరేటర్ వదిలితే, వేగం ఉన్నంతసేపూ ఇంధనాన్ని పూర్తిగా ఆపేస్తాయి. న్యూట్రల్‌లో పెడితే ఆగిపోకుండా తిరగడానికి ఇంజన్‌కు పెట్రోలు కావాలి. అంటే న్యూట్రల్‌లోనే ఖర్చు ఎక్కువ. ఇంజనే ఆపేస్తే ఇంకా ప్రమాదం. బ్రేకు పెడల్‌కు బలమిచ్చే బూస్టర్ కాసేపటికే చేతులెత్తేస్తుంది, పవర్ స్టీరింగ్ బిగుసుకుంటుంది.

నోటికి రాని విద్య

కారు బాగా నడిపే మనిషిని "హాఫ్ క్లచ్ ఎక్కడ వస్తుంది?" అని అడిగితే గాల్లో కాలు కదిపి చూపిస్తాడు కానీ మాటల్లో చెప్పలేడు. బైకు మలుపు విషయంలో ఇది ఇంకా విచిత్రం. కాస్త వేగం మీదున్న బైకును ఎడమకు తిప్పాలంటే హ్యాండిల్‌ను మొదట ఒక క్షణం కుడికి తిప్పాలి, అంటే ఎడమ పిడిని ముందుకు నెట్టాలి. ముందు చక్రం కుడివైపు జరుగుతుంది, పైనున్న బరువు ఎడమకు వాలుతుంది, ఆ వాలుతోనే బండి ఎడమకు మలుపు తీసుకుంటుంది. బైకు నడిపే ప్రతి ఒక్కరూ ప్రతి మలుపులోనూ ఇది చేస్తున్నారు. చేస్తున్నామని ఎరిగినవాళ్లు చాలా తక్కువ. విమానం కనిపెట్టడానికి ముందు సైకిళ్ల దుకాణం నడిపిన విల్బర్ రైట్ దీన్ని పట్టుకున్నాడు. ఎడమకు ఎలా తిరుగుతారని ఎందరో సైకిలిస్టులను అడిగితే, మొదటిసారే సరిగ్గా చెప్పినవాళ్లు ఒక్కరూ లేరని ఆయన పరిశీలన.

ఇలాంటి విద్య మెదడులో వేరే గదిలో ఉంటుందని చూపిన రోగి ఒకరున్నారు. మూర్ఛ కోసం 1953లో చేసిన శస్త్రచికిత్స తర్వాత అమెరికాకు చెందిన హెన్రీ మొలైసన్‌కు కొత్త జ్ఞాపకాలు నిలవకుండా పోయాయి. బ్రెండా మిల్నర్ అనే శాస్త్రవేత్త ఆయన చేత అద్దంలో చూస్తూ నక్షత్రం గీతల మధ్య పెన్సిలు నడిపించారు. మర్నాటికి ఆ పని తాను చేసినట్టే ఆయనకు గుర్తులేదు. చెయ్యి మాత్రం రోజురోజుకూ తప్పులు తగ్గించుకుంటూ పోయింది. క్లచ్ పట్టు, బైకు వాలు చేరేది కూడా ఈ రకం జ్ఞాపకంలోకే. చిన్న మెదడు, మెదడు లోతుల్లోని బేసల్ గాంగ్లియా దీనికి ప్రధాన స్థావరాలు. ఏళ్ల తర్వాత మళ్లీ బండి ఎక్కినా కాలు మర్చిపోకపోవడం, ఎంత చదివినా పుస్తకంతో కారు రాకపోవడం, రెండూ ఇందువల్లే.

లైసెన్సు పరీక్షలో బైకుతో ఎనిమిది వేయడం ఈ విద్యకు చక్కని కొలత. మెల్లగా పోయే బైకుకు తనంతట తాను నిలదొక్కుకునే గుణం తక్కువ. అందుకే థ్రాటిల్ కొంచెం తెరిచి ఉంచి, హాఫ్ క్లచ్‌తో బలాన్ని తుంచి తుంచి ఇస్తూ, వెనక బ్రేకును తేలిగ్గా తాకుతూ తిరగాలి. అక్కడ ముందు బ్రేకు నొక్కితే, తిరిగి ఉన్న చక్రం బండిని కింద పడేస్తుంది.

అయితే శరీరానికి వచ్చిందంతా సరైనదేనని అనుకోకూడదు. అమెరికాలో హ్యారీ హర్ట్ బృందం లాస్ ఏంజెలెస్ పరిసరాల్లో సుమారు 900 మోటార్‌సైకిల్ ప్రమాదాలను జరిగిన చోటికే వెళ్లి పరిశీలించి 1981లో నివేదిక ఇచ్చింది. ఆపద ఎదురైనప్పుడు ఎక్కువమంది వెనక బ్రేకును అతిగా తొక్కి చక్రాన్ని జార్చారు, ముందు బ్రేకును సరిగా వాడలేదు, పిడి నెట్టి పక్కకు తప్పుకోవడం దాదాపు ఎవరికీ రాలేదు. బ్రేకు వేయగానే బరువు ముందు చక్రం మీదికి పోతుంది కాబట్టి, తిన్నని రోడ్డు మీద ఆపే బలం ఎక్కువగా ఉండేది ముందు బ్రేకులోనే. మన దేశంలో 2022లో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోతే వారిలో 44 శాతానికి పైగా ద్విచక్ర వాహనాల మీద ఉన్నవాళ్లే. ఆ అంకె చూశాక, ముందు బ్రేకును మెల్లగా మొదలుపెట్టి గట్టిగా బిగించడాన్ని ఖాళీ మైదానంలో సాధన చేయించని శిక్షణను శిక్షణ అనడానికి మనసొప్పదు.

కాలికి సెలవు

2014లో మారుతి సెలేరియోతో మన చవక కార్లలోకి వచ్చిన ఏఎంటీ పాత గేర్ బాక్సునూ పాత క్లచ్‌నూ అలాగే ఉంచి, కాలి స్థానంలో కంప్యూటర్ నడిపే చిన్న యంత్రాన్ని పెట్టింది. మొదటి తరం ఏఎంటీ కార్లలో గేరు మారేటప్పుడు తల ముందుకు ఊగడం, ఎక్కుడులో కొంచెం తటపటాయించడం చూస్తే మనిషి కాలు ఎంత సున్నితమైన పని చేస్తుందో తెలుస్తుంది. ఇక్కడ గేరు కారు నడిపి అమెరికా వెళ్లిన తెలుగువాళ్లకు మొదట్లో ఎదురయ్యే ఇబ్బంది దీనికి తలకిందులు. ఆగాలనుకోగానే ఎడమ కాలు అలవాటుగా లేని క్లచ్ కోసం పోయి వెడల్పాటి బ్రేకు పెడల్ మీద పూర్తి బలంతో పడుతుంది, కారు కీచుమని ఆగుతుంది. బ్రిటన్ వెళ్లినవాళ్లకు మరో సంగతి: అక్కడ ఆటోమేటిక్ కారులో పరీక్ష పాసైతే గేరు కారు నడిపే లైసెన్సు ఇవ్వరు.

విద్యుత్ వాహనం వస్తే ఈ సరంజామా అంతా పోతుంది. సున్నా దగ్గరే బలమున్న మోటారుకు క్లచ్‌తో పనిలేదు, సాధారణంగా ఒకే గేరు చాలు. 2022 నుంచి తిరుపతి, తిరుమల మధ్య ఏపీఎస్‌ఆర్‌టీసీ విద్యుత్ బస్సులు నడుస్తున్నాయి. దిగేటప్పుడు ఇలాంటి వాహనాల మోటారే జనరేటర్‌గా మారి బండిని నిలువరిస్తుంది, డీజిల్ బస్సు వేడిగా పారబోసే శక్తిలో కొంత బ్యాటరీకి తిరిగి చేరుతుంది. అయితే కొండ మీద బ్యాటరీని నూటికి నూరు శాతం ఛార్జి చేసుకుని బయల్దేరిన కారుకు ఆ శక్తిని దాచుకునే చోటు ఉండదు. మోటారు పట్టు బాగా తగ్గి, భారం మామూలు బ్రేకుల మీద పడుతుంది. అందుకే ఘాట్ పైన ఛార్జింగ్ పెట్టేవాళ్లు దిగేముందు బ్యాటరీలో కొంత ఖాళీ ఉంచుకోవాలి.